రొట్టెల ఇంగ్రిడ్ గారితో నాలుగు రోజులు

నిడదవోలులో బయల్దేరి, నాలుగు రోజులు తిరిగి, మళ్ళీ నిడదవోలుకే చేరాను. "నరసాపురం దాకా వెళ్ళొచ్చినదానికి దీన్ని కూడా యాత్రంటారా?" అని మావారు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అనరూ మరి, ఆయన రాలేదుగా! ఆ మాటకొస్తే మీరూ రాలేదు. ఆత్రేయపురం మీరు చూసే ఉంటారు, గోదావరి రేవు దాటే ఉంటారు. కానీ ముగ్గురు జర్మన్లను కార్లో ఎక్కించుకుని వాళ్ళ కళ్ళతో చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాకు నిడదవోలు బజారులో స్టీలు గిన్నెల కొట్టుంది. నా పేరు సత్యవతి. చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది. ఆగిపోయిందనడం మర్యాద కోసం, తప్పాను. మా మామగారు ఒకప్పుడు ఊళ్ళో కాలేజీకి స్థలం ఇచ్చారు కాబట్టి గవర్నింగ్ బాడీలో మా ఇంటి నుంచి ఎప్పుడూ ఒకరుంటారు. మామగారి తర్వాత ఆ కుర్చీ మావారికి రావాలి. ఆయనకి మీటింగంటే నిద్రొస్తుంది, అందుకని నన్ను తోశారు. తొమ్మిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. చూపించినచోట సంతకం పెట్టాను, పెట్టిన జీడిపప్పు తిన్నాను, ఒక్కటంటే ఒక్క మాట మాట్లాడలేదు.

జర్మనీలో ఒక యూనివర్సిటీ కౌన్సిల్ సభ్యులు ముగ్గురు మా కాలేజీని చూడ్డానికి వస్తున్నారని తెలిశాక ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. మా కారులో ఏడుగురు పడతారు కనుక వాళ్ళని మూడు రోజులు గోదావరి జిల్లాలు తిప్పి నాలుగో రోజుకి కాలేజీకి తీసుకురమ్మన్నారు. నేను పొంగిపోయాను. ఆ పొంగు మీద నీళ్ళు చల్లినట్టు రెండో మాట అప్పుడు చెప్పారు.

"మీరేమీ అనుకోవద్దు మేడం. బాడీలో పెద్ద చదువులు చదివినవాళ్ళుంటే కాలేజీకి గౌరవమండి. మీ స్థానంలో ఒక పీహెచ్‌డీ గారిని వేసుకుందామనుకుంటున్నాం. నాలుగో రోజు మీటింగులో మీరే తప్పుకుంటున్నట్టు ఉత్తరమిస్తే అందరికీ మర్యాదగా ఉంటుంది."

ఆయన చెప్పారు, నేను బాల్‌పెన్నుతో తెల్లకాగితం మీద రాశాను. సంతకం కూడా పెట్టేసి హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నాను. ఇంటికొచ్చాక ఒక్కదాన్నే కూర్చుని కాసేపు ఏడ్చాను. నోరు విప్పని కుర్చీ పోతే ఏడుపెందుకో అప్పుడు నాకే అర్థం కాలేదు.

రాజమండ్రి: మొదటి ప్రశ్న

దుబాసీగా భవాని వచ్చింది. అంతర్వేది వైపు బెస్తవాళ్ళ పిల్ల, నర్సింగు చదివింది. జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగం కోసం రాజమండ్రిలో ఉండి ఏడాదిన్నరగా ఆ భాష నేర్చుకుంటోంది. విమానాశ్రయంలో ఆ ముగ్గురికీ దండలు వేసి కారెక్కించానో లేదో, మనకి అలవాటైన ప్రశ్న అడిగేశాను.

"భవానీ, వీళ్ళు ఏం చేస్తుంటారో అడుగమ్మా."

"ఆంటీ, అక్కడ కలవగానే అలా అడగరంటండి. మా టీచర్ చెప్పారు."

"అడక్కపోతే ఎవరితో మాట్లాడుతున్నామో ఎలా తెలుస్తుంది? నువ్వడుగు."

అడిగింది. ముగ్గురూ మొహామొహాలు చూసుకుని నవ్వారు. ముందు సీట్లో ఉన్న పొడవాటావిడ ఇంగ్రిడ్ గారు, అరవై దాటి ఉంటాయి, చేతులు మాత్రం ఈడొచ్చిన మగపిల్లాడి చేతుల్లా గట్టిగా ఉన్నాయి. ఆవిడకి రొట్టెల దుకాణాలున్నాయట. పదహారో ఏట రొట్టెల భట్టీలో పనికి చేరి ఇప్పుడు సొంతంగా ఇరవై కొట్లు నడుపుతున్నారట. వెనక సన్నటి పెద్దాయన డీటర్ గారు, రిటైరైన జడ్జి. ఆయన పక్కన ఎర్రటి మొహం, పెద్ద పొట్ట ఊవె గారిది. ఆయన ఒక నది మీది రేవుకి మేనేజరు.

"మరి ప్రొఫెసర్లేరీ?" అన్నాను.

ప్రొఫెసర్లూ కౌన్సిల్లో ఉన్నారట, ఈసారి రాలేదట. రొట్టెలావిడకీ రేవు ఆయనకీ యూనివర్సిటీలో ఏం పని అని గుచ్చిగుచ్చి అడిగాను. జడ్జి గారు చాలాసేపు చెప్పారు. భవాని జర్మన్ అంతా ఆసుపత్రి జర్మన్. నొప్పి ఎక్కడ, మందు ఎన్నిసార్లు, ఇలాంటివి గడగడా వస్తాయి గానీ కౌన్సిళ్ళ భాష దానికి కొత్త. కాసేపు తడుముకుని, చివరికి ఇలా తేల్చింది.

"ఏంటంటే ఆంటీ, యూనివర్సిటీ లోపల డాక్టర్లు బోల్డంతమంది ఉన్నారంట. వీళ్ళు బయటినుంచి వచ్చి బీపీ చూస్తారంటండి. లోపలివాళ్ళకి తమ ఒంట్లో ఏముందో తెలీదు కదా, అందుకని కావాలనే బయటి పనులు చేసేవాళ్ళని పెట్టుకుంటారంట."

కావాలనే! ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం రోజ్ మిల్క్ తాగించాను. గ్లాసు నలభై. వాళ్ళ ఊళ్ళో కాఫీ మన డబ్బుల్లో నాలుగొందలట, విని నా గుండె ఆగినంత పనైంది. తాగాక ముగ్గురూ ఎవరి పర్సు వాళ్ళు తీసి ఎవరి నలభై వాళ్ళు లెక్కపెట్టబోయారు. కొట్టాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అయ్యబాబోయ్, వద్దండి! మన ఊరొచ్చినోళ్ళ దగ్గర తీసుకుంటామా?"

నేనిస్తానని నేను, వద్దని ఆయన, ఇద్దరం కేకలేసుకున్నాం. తగువనుకుని జడ్జి గారు మధ్యలోకి వచ్చేశారు! పాపం, తీర్పు చెప్పడానికే లేచినట్టున్నారు. ఇది మా ప్రేమ అని భవాని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆత్రేయపురం: చిరిగిన రేకులు

రెండో రోజు ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా ఆత్రేయపురం వెళ్ళాం. వీధిలో ఏ వాకిలి చూసినా బోర్లించిన కుండ, కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జారు. పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా తీస్తే చాలు, ఊదితే ఎగిరిపోయే పూతరేకు వచ్చేస్తుంది. వెంకటలక్ష్మి అనే ఆవిడ అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న కూడా నాదే!

"ఈవిడగారు ఏం చేస్తారండి?"

"రొట్టెల కొట్టు," అన్నాను.

"అయితే మన మనిషే! రా తల్లీ, ఇలా కూచో."

ఇంగ్రిడ్ గారు చీర కట్టుకోలేదన్న మాటే గానీ మఠం వేసుకుని దర్జాగా కూర్చున్నారు. మొదటి రేకు చిరిగింది. రెండోది కుండకే అంటుకుంది. మూడోది పొగలో ఎగిరి ఊవె గారి నెత్తిన వాలింది. నవ్వలేక చచ్చాం.

"ఊపిరి బిగబట్టి తియ్యాలమ్మా. పిండికి మనం కంగారు పడుతున్నామని తెలిసిపోద్ది," అంది వెంకటలక్ష్మి.

భవాని అది చెప్పగానే ఇంగ్రిడ్ గారు ఒక్కసారి గట్టిగా తలాడించారు. తన మొదటి యజమాని కూడా అచ్చం ఆ మాటే అనేవాడట. తొమ్మిదో రేకు చిరక్కుండా వచ్చింది. వీధి వీధంతా చప్పట్లు! ఇంగ్రిడ్ గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొగవల్ల కాదు.

చిరిగినవి పారేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. వాటిని వాటంగా పేర్చి, పంచదార చల్లి, నెయ్యి పొయ్యడం మొదలెట్టారు. చంచాతో రాయమ్మా అని వెంకటలక్ష్మి మొత్తుకుంటున్నా వినకుండా వాళ్ళ ఊళ్ళో వెన్న వేసినట్టు ధారగా పోసేశారు. ఆ పొట్లం కాగితంలో చుట్టి, "నా మొదటి పని, మీ దగ్గర దాచండి" అని నాకిచ్చారు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. అమ్మకానికి పెట్టిన బెల్లంవి పది ఉన్న పెట్టె రెండొందలకి విడిగా కొన్నాం, అవి డిక్కీలో వేశాం.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "మీటింగులో పెద్దపెద్ద చదువులవాళ్ళ మధ్య మీరు ఏం మాట్లాడతారండీ?"

ఆవిడ చెప్పింది భవాని నోటి వెంట ఇలా వచ్చింది. "మొదటి ఏడాది భయమేసి మాట్లాడలేదంటండి. తర్వాత ఒకసారి ప్రొఫెసర్లు కొత్త భవనం ప్లాను తెచ్చారంట. ఈవిడ, తెల్లారి నాలుగింటికి దీన్ని ఎవరు తుడుస్తారు అని అడిగారంట. ఎవరికీ తెలీదంట. చీపురు పెట్టుకునే గది కూడా గీయలేదంట! ఆ రోజు నుంచి ప్లాను ఏదొచ్చినా ముందు ఈవిడ వైపు చూస్తారంట."

కార్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదికి దానంతటదే పోయింది.

సఖినేటిపల్లి రేవు: గిన్నె చప్పుడు

మూడో రోజంతా ఊవె గారిదే. భవాని వాళ్ళ ఊరు చేరేసరికి పడవలు ఒడ్డుకొచ్చాయి. చేపల వేలం చూసి ఆయన చిన్నపిల్లాడైపోయారు. భవాని నాన్న పోలయ్య గారికి జర్మన్ రాదు, ఈయనకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ వలలు పట్టుకుని గంటసేపు చేతులతో కబుర్లాడారు. దేని గురించయ్యా అంటే, ఒడ్డున ఇసక మేట వేస్తే పడవలకి వచ్చే తిప్పల గురించట.

"అక్కడ కూడా ఇదే గోలంటండి అమ్మగారూ!" అన్నారు పోలయ్య గారు, దూరపు చుట్టం దొరికినంత సంబరంగా.

భోజనానికి వాళ్ళకి రొయ్యల వేపుడు, చేపల పులుసు. పులస ఏదని అడక్కండి, కాలం కాదు. ఊవె గారు చేత్తోనే తిన్నారు, మోచేతి దాకా తిన్నారు. మేం నీచు తినం కదా, భవాని వాళ్ళమ్మ నాకు విడిగా ముద్దపప్పు, ఆవకాయ పెట్టింది.

"మీకోసం కొత్త గిన్నెలో వండేనండీ."

ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? వేలి కణుపుతో గిన్నెని టక్కున కొట్టి చూశాను.

"ఎక్కడ కొన్నారమ్మా ఇది? అడుగు పల్చన. ఆరు నెలల్లో మాడుతుంది."

అనేశాక నాలుక్కరుచుకున్నాను. అన్నం పెట్టిన ఇంట్లో అనాల్సిన మాటేనా అది? ఆవిడ మాత్రం పకపకా నవ్వింది. జడ్జి గారు తింటున్నవారు ఆగి, చప్పుడుని బట్టి ఎలా తెలిసిందని అడిగారు. పాత ఇత్తడి చెంబొకటి, ఆ కొత్త గిన్నొకటి పక్కపక్కన పెట్టి కొట్టి వినిపించాను. మందమున్నది నిలిచి మోగుతుంది, లేనిది టక్కుమని ఊరుకుంటుంది. ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ కొట్టించుకుని విన్నారు. తర్వాత ఒక ప్రశ్న వేశారు. భవాని కొంచెం నీళ్ళు నమిలి చెప్పింది.

"మీరూ మీ కాలేజీ కౌన్సిల్లో ఉన్నారు కదా, అక్కడ ఏది కొట్టి చూశారు అని అడుగుతున్నారండి."

ఏం చెప్పమంటారు? తొమ్మిదేళ్ళ జీడిపప్పు గొంతుకి అడ్డం పడింది. ఉత్తరం సంగతి మొత్తం చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఇంగ్రిడ్ గారు నా వీపు నిమిరారు. జడ్జి గారు మాత్రం ఓదార్చలేదు. రెండు ప్రశ్నలే అడిగారు.

"రాసింది ఎవరు?"

"నేనేనండి."

"చెప్పింది ఎవరు?"

"ప్రిన్సిపాల్ గారండి."

ఆయన తలాడించి చేపముక్క తీసుకున్నారు. అంతే! ఇంకేమీ అనలేదు. నాకు ఒళ్ళు మండింది. అంత పెద్ద జడ్జి, ఒక మంచి మాట చెప్పకూడదూ?

సాయంత్రం సఖినేటిపల్లి దగ్గర పంటు ఎక్కి నరసాపురం దాటాం. పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచిన తేలే వంతెన. మనుషులు, బైకులు, కార్లు, మేకలు అన్నీ దానిమీదే. పంటు ఒక పక్కకి ఒరిగిందని ఊవె గారు కార్లని చూసి, వెనక్కన్నట్టు చేతులూపారు. పంటు నడిపే మనిషి ఊవె గారినోసారి ఎగాదిగా చూసి, మా కారుని రెండడుగులు వెనక్కి జరిపించాడు. ఒరిగి ఉన్న బల్ల సరిగ్గా సర్దుకుంది.

"రేవులో చేసిన మనిషేనాండి ఈయన?" అన్నాడు.

"మేనేజరు!" అన్నాను గర్వంగా, ఏదో మా అన్నయ్యని చెప్పుకున్నట్టు.

నిడదవోలు: ఫ్లెక్సీ

నాలుగో రోజు పొద్దున్న కాలేజీ గేటు దగ్గర కారు దిగేసరికి నిలువెత్తు ఫ్లెక్సీ. ముగ్గురి ఫొటోలు, కింద పేర్లు. ప్రతి పేరు ముందూ ప్రొఫెసర్, డాక్టర్. ఒక మూల చిన్న అక్షరాల్లో 'స్థలదాత గారి కోడలు' అని నేను. పేరు లేదు.

భవాని చదివి చెప్పగానే ఇంగ్రిడ్ గారు రెండడుగులు వెనక్కి వేశారు. ఊవె గారికి నవ్వాగలేదు. జడ్జి గారి మొహం మాత్రం నల్లబడింది.

ప్రిన్సిపాల్ గారు దండలతో ఎదురొచ్చారు. "ఫొటోకి ఇలా నిలబడమని చెప్పమ్మా."

"నిలబడరంటండి సార్. లేని డాక్టరు పట్టా పేరుకి తగిలించుకుంటే వాళ్ళ దేశంలో నేరమంటండి. ఈ సారు జడ్జీగా ఉన్నప్పుడు అలాంటి మనిషికి జరిమానా కూడా వేశారంట."

ప్రిన్సిపాల్ గారి చేతిలో దండ అలాగే ఉండిపోయింది. "అదేంటమ్మా! యూనివర్సిటీ కౌన్సిలంటే ప్రొఫెసర్లు కాక ఇంకెవరుంటారు? పేరు ముందు ఏమీ లేకపోతే బోడిగా ఉందని నేనే వేయించాను. మరి వీళ్ళు ఎవరు?"

అక్కడ నేను నోరు విప్పాను. ఎలా విప్పానో నాకే తెలీదు. "ఈవిడ రొట్టెలు చేస్తారండి. ఆయన కోర్టులో తీర్పులు చెప్పారు. ఆయన రేవు నడుపుతారు. వాళ్ళ దగ్గర కావాలనే అలా పెట్టుకుంటారండి."

ఫ్లెక్సీ కుర్రాణ్ణి ఫోన్ చేసి పిలిపించారు. తెల్ల స్టిక్కరు పట్టీలు తెచ్చాడు, మార్కరు తెచ్చాడు. బిరుదుల మీద పట్టీలు అంటించి, "ఇక్కడ ఏం రాయమంటారండి?" అన్నాడు. మన వైపు మనుషుల్ని ఎలా పిలుచుకుంటాం? బెల్లం సుబ్బారావు గారు, సైకిల్ షాపు మూర్తి గారు. నేను అలాగే చెప్పాను, వాడు అలాగే రాశాడు: రొట్టెల ఇంగ్రిడ్ గారు, కోర్టు డీటర్ గారు, రేవు ఊవె గారు. భవాని దాని అర్థం చెప్పేసరికి ముగ్గురూ ఫ్లెక్సీ కిందికి పరుగెత్తి నిలబడ్డారు. పిల్లలంతా ఈలలు! ఇంగ్రిడ్ గారు నన్నూ లాగి పక్కన నిలబెట్టుకుని, ఆ మూల అక్షరాలు చూపించి, ఇదెవరని అడిగారు. నేనేనన్నాను. కుర్రాడి చేతిలో మార్కరు తీసి నాకిచ్చారు.

మీటింగు

సభ అయ్యాక మీటింగు. జర్మన్లు ముగ్గురూ గోడవారగా అతిథుల కుర్చీల్లో కూర్చున్నారు, పక్కన భవాని. కాలేజీ గుమస్తా మినిట్స్ పుస్తకం తెరిచాడు. జీడిపప్పు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు మర్యాదగా నా వైపు వంగారు.

"ఉత్తరం తెచ్చారా మేడం?"

"తెచ్చానండి."

హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టాను. ఓరి దేవుడా! చెయ్యంతా జిడ్డు. ఇంగ్రిడ్ గారి మొదటి పనిలో నెయ్యి రెండు రోజుల ఎండకి కరిగి బ్యాగంతా పాకింది. ఉత్తరం బయటికి తీస్తే చమురు కాగితమైపోయింది. సిరా అంతా నీలంగా అలుక్కుపోయింది, నా సంతకమెక్కడో దేవుడికే తెలియాలి. పైకెత్తి పట్టుకుంటే అందులోంచి ప్రిన్సిపాల్ గారి మొహం కనబడింది. గదంతా నేతి వాసన కమ్మేసింది. వెనక ఊవె గారు ముక్కుతో పీల్చడం వినబడింది.

"పర్లేదు మేడం," అని ఆయన తెల్లకాగితమొకటి, పెన్నొకటి నా ముందుకి జరిపారు. "ఇంకోటి రాసేయండి. నేను చెప్తాను."

నేను చెప్తాను! ఆ మాట వినగానే జడ్జి గారు ఆ రెండు ప్రశ్నలే అడిగి, నన్ను ఓదార్చకుండా ఎందుకు వదిలేశారో తెలిసొచ్చింది. తలతిప్పి చూశాను. ఆయన నా వైపు చూడ్డంలేదు, జీడిపప్పు ఏరుకుంటున్నారు.

"రాయనండి," అన్నాను. పెన్ను వెనక్కి జరిపాను. "ముందు ఒక మాట అడగాలి. అమ్మాయిల హాస్టలుకి గిన్నెలు మా కొట్టునుంచే వస్తాయి, నేనే దింపిస్తాను. అన్నాలవేళ చేతులు కడుక్కోడానికి అక్కడ కుళాయిలు రెండే ఉన్నాయి. సగంమంది చెయ్యి కడక్కుండానే క్లాసుకి పరుగెడతారు. తొమ్మిదేళ్ళనుంచీ చూస్తున్నాను. ఎందుకండీ రెండే?"

అందరూ ప్రిన్సిపాల్ గారిని చూశారు. ఆయన గుమస్తాని చూశారు.

"రెండేనా?" అన్నారు ఆయన, నిజంగా తెలియని మనిషిలాగే. ఆయన చెడ్డవారేం కాదు, ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదంతే.

"రెండేనండి," అన్నాడు గుమస్తా. "ఒకటి కారుతుందండి."

మీటింగు మొత్తం కుళాయిల మీదే నడిచింది. ఆ తెల్లకాగితం వృథా ఎందుకని చిరిగిన పూతరేకులు అందులో పెట్టి ప్రిన్సిపాల్ గారికిచ్చాను. ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు, ఇంకోటి తీసుకున్నారు. ఉత్తరం మాట మళ్ళీ ఎత్తలేదు.

లేచేముందు గుమస్తా పెన్ను పట్టుకుని నా వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలో నా పేరు హాజరు దగ్గర తప్ప ఇంకెక్కడా రాయలేదు.

"కుళాయిల సంగతి ఎవరు అడిగారని రాయమంటారండి? స్థలదాత గారి కోడలు అని రాయనా?"

"ఫ్లెక్సీ చూడలేదటయ్యా? అక్కడ నేను రాసినట్టే రాయి," అన్నాను. "గిన్నెల సత్యవతి."